చేదెరుగని రాజు

నెత్తిన తమలపాకుల గంప పెట్టుకుని, మొలకు మాసిన గళ్లపంచె చుట్టి, వేళ్ల సందున కాస్త సున్నం కూడా అంటించుకుని శరభుడు ఇక్షుపురం పడమటి ద్వారం చేరేసరికి పొద్దు బారెడెక్కింది. ఔషధగిరి మీద మూలికలు నూరుకునే శిష్యుడు ఇతనేనని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. కన్నతల్లిని అతనెరగడు గనుక ఆ పరీక్ష ఎలాగూ జరగదు. అతన్ని ఎత్తి పెంచినవాడు వైద్యుడు శివరుద్రయ్య ఒక్కడే. ఆ శివరుద్రయ్యనే ఈ రోజు ఈ ఊరి కోటలో, కాగుతున్న బెల్లపు పాకంలో ముంచబోతున్నారు. ఆయన చేసిన నేరమల్లా జ్వరంతో మూలుగుతున్న ఒక గానుగ కూలివాళ్ల బిడ్డకు గుక్కెడు నేలవేము కషాయం తాగించడం.

ఇక్షుపురం చూడముచ్చటైన నగరం. కనుచూపు మేరా చెరకు తోటలు గాలికి వెన్నుతట్టుకుంటూ ఊగుతుంటాయి. తోటల నడుమ వెండిపూత గోపురాలు, గోపురాల మీద చెరకుగడ బొమ్మ కుట్టిన పసుపుపచ్చ ధ్వజాలు, వీధి వీధినా చలువ పందిళ్లు, పందిరి పందిరికీ ఏలకులు వేసిన పానకపు కుండలు. దేవకన్యలు దారి తప్పి దిగినా మళ్లీ ఎగరబుద్ధి పుట్టని చోటు. లోకంలో అందరూ సున్నంలో బెల్లపు నీళ్లూ కరక్కాయ నీళ్లూ కలిపి గోడలు కడతారు. ఇక్కడ కరక్కాయ నోటికి సహించదని మానేసి వట్టి బెల్లపు నీళ్లతోనే కోట కట్టుకున్నారు. అందువల్ల ఆ గోడలకు శత్రువుల కన్నా చీమల బెడద ఎక్కువ.

ఇంత చక్కని ఊళ్లో చేదు మాత్రం నేరం. ఇప్పటి రాజు ఇక్షుకేతుడి తాత విషజ్వరం వచ్చి, మందు వద్దని మొరాయించి మొరాయించి, ఇక ప్రాణం పోయే ఘడియలో కషాయం తాగి చనిపోయాడు. జ్వరాన్ని ఎవరూ ఏమీ అనలేదు. నింద కషాయం మీద పడింది. ఆ వారంలోనే వేపచెట్లు కొట్టేశారు, కాకరపాదులు పీకేశారు, మెంతులు ఊరి బయట తగలబెట్టారు. నిమ్మపండ్లయినా ద్వారం దగ్గర తొక్క ఒలిచి, గింజ తీసి, పులుపు మాత్రమే లోపలికి రానిస్తారు. ఇప్పుడు ఆ ఊళ్లో పిల్లలకు కడుపు నిండా నులిపురుగులు, పెద్దలకు నోటి నిండా పుచ్చిపళ్లు. రొమ్ముకు రాసుకోవడానికి వేపాకు లేక తల్లులు బిడ్డలకు పాలు మాన్పించలేకపోతున్నారు. గేదెలు తోలుకొచ్చే పిల్లవాడు కూడా గేదెల్ని కట్టేసి అమ్మ ఒళ్లోకి పరుగెడతాడు.

అలాంటి ఊరికి కొన్నేళ్ల కిందట మధుసిద్ధుడనే మాంత్రికుడు తేనెటీగల పల్లకీలో ఆకాశమార్గాన వచ్చాడు. రాజుకు పూటకో చెంచా మధులేహ్యం తినిపించడం మొదలుపెట్టాడు. కొలువులోని వాళ్లందరికీ ప్రసాదంగా గోరంత పెడతాడు. రుచి చూసినవాళ్లు అమృతమన్నారు. అప్పటినుంచీ రాజ్యం మధుసిద్ధుడిది, సింహాసనం ఇక్షుకేతుడిది.

గురువును కట్టి తీసుకుపోతున్నప్పుడు శరభుడు వెంటపడి కొంతదూరం నడిచాడు. అప్పుడు శివరుద్రయ్య తన సంగతి ఒక్క ముక్క మాట్లాడలేదు.

"పోయిన పండగ నాడు రథం మీద రాజును చూశాను శరభా. నీడలో కూర్చుని కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. కంటిపాప కన్నంతా పరుచుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి, మాటకోసారి నీళ్లడుగుతున్నాడు. అది మంత్రం కాదు, ఉమ్మెత్త. తేనెలో పెట్టి మింగిస్తున్నాడు. ఆ తీపి తీసేస్తే చేదు తనంతట తనే బయటపడుతుంది. పొడపత్రి గుర్తుందా నీకు?"

గుర్తుంది. కొండ మీద కంపల్ని అల్లుకుపోయే తీగ అది. ఆకు నమిలితే ఆ పూటకు నాలుక తీపిని మరిచిపోతుంది. పంచదార నోట్లో పోసుకుంటే ఇసుకలా ఉంటుంది. తక్కిన రుచులన్నీ ఎప్పటిలాగే తెలుస్తాయి. శరభుడి గంపలో తమలపాకుల అడుగున ఉన్నవి ఆ తీగ ఆకులే.

ద్వారం దగ్గర చేదుకావలివాళ్లు బారులు తీరి నిలబడ్డారు. ఊళ్లోకి వచ్చే ప్రతి సరుకునూ నమిలి చూడడం వాళ్ల ఉద్యోగం. వాళ్లలో బొజ్జ ముందుకొచ్చిన ఒకడు గంప దింపించి, పైన ఉన్నవి వదిలేసి, తెలివిగా అడుగుకంటా చెయ్యి పోనిచ్చి ఒక ఆకు లాగాడు. చేతికి వచ్చింది పొడపత్రి.

"ఇదేటిది, ఇంత సిన్నగున్నాది?"

"లేత తమలపాకు బాబూ. రాజుగారి కోసం ఏరి తెచ్చాను."

కావలివాడు నమిలాడు. మొహం కాస్త ముడిచాడు, మళ్లీ విప్పాడు. "వగరుగున్నాది. సేదు కాదులే, పో," అని, నోరు బాగుచేసుకుందామని పక్కనే ఉన్న బెల్లంవాడి తట్టలోంచి ఇంత గడ్డ విరిచి నోట్లో వేసుకున్నాడు. వేసుకున్నవాడు అలాగే నిలబడిపోయాడు. తర్వాత థూమని ఉమ్మేశాడు.

"ఒరే, బెల్లంలో మట్టి కలిపి అమ్ముతున్నావేట్రా?"

"మట్టేటి బాబూ? పొద్దున్నే దింపిన పాకం."

కావలివాడు ఇంకో గడ్డ తిన్నాడు. అదీ మట్టే. మూడో తట్ట తిన్నాడు. వాడి కోపం తాడెత్తు లేచింది. బెల్లంవాళ్లందర్నీ జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. పక్క కావలివాళ్లు వచ్చి తిని, బెల్లం బంగారంలా ఉందన్నారు. దాంతో వాళ్లకీ వీడికీ తగువు ముదిరింది. ఆ గొడవలో శరభుడు గంప ఎత్తుకుని, ఎవరి కాలూ తొక్కకుండా, మర్యాదగా ఊళ్లోకి నడిచిపోయాడు.

కోట పెరట్లో శిక్షల పెనం ఉంది. మామూలు బెల్లపు పెనం మీద అది ఎన్నో రెట్లు. దాని కింద సొరంగమంత పొయ్యి, పొయ్యిలో చెరకుపిప్పి భగభగమంటోంది. తెడ్డంత గరిటెతో మడ్డి తీస్తూ ఒక ముసలామె పాకం కలుపుతోంది. ఆవిడ పేరు నూకాలు. పెనం మీద అడ్డదూలానికి ఉట్టి వేలాడుతోంది. ఆ ఉట్టిలో కాళ్లు మడుచుకుని, ఇంటి అరుగు మీద కూర్చున్నంత స్థిమితంగా శివరుద్రయ్య కూర్చుని ఉన్నాడు. శిష్యుణ్ణి చూసి గుర్తుపట్టాడు. గుర్తుపట్టనట్టే మొహం తిప్పుకున్నాడు.

"ఎవుడ్రా అది, పొయ్యి కాడికొచ్చేస్తన్నావు? కాళ్లు కాల్తాయి," అంది నూకాలు.

శరభుడు గంప దించి గొంతు తగ్గించాడు. "ఉట్టిలో ఉన్నది నా గురువుగారమ్మా."

నూకాలు గరిటె ఆపలేదు. "ఆయన మందు పోసింది నా మనవడికే బాబూ. గుంటడు బతికినాడు. ఆయనకి ఈ గతొచ్చింది. ఆ పాకం నా సేతే కలిపిస్తన్నారు."

"ఎప్పుడు దించుతారు?"

"సట్టం ఉన్నాది. పళ్లెంలో పాకం పోసి ఆరబెట్టాల. సల్లారినాక గడ్డకట్టి ఫట్మని ఇరగాల. ఇరిగితేనే తలారి తాడొదుల్తాడు. పచ్చిపాకంలో ముంచకూడదని రాజుగారి తాతగారు పోకముందే రాసెట్టినారు."

శరభుడు పెనం పక్కన తొక్క తీసి పెట్టిన నిమ్మపండ్ల బుట్టను చూశాడు. అవి పానకంలోకి తెచ్చినవి.

"పాకంలో నిమ్మరసం పడితే?"

"ఇంకేటి గడ్డకడతాది? పొద్దుగూకేదాకా మరిగినా జిగురులాగ సాగుతాది." అనేసి నూకాలు తన మాట తనే విని చుట్టూ చూసింది. తలారి దూరంగా కత్తికి నూనె రాసుకుంటున్నాడు. ఆవిడ బుట్ట దగ్గరికి లాక్కుని ఒక్కొక్క పండూ పెనంలో పిండడం మొదలెట్టింది. "నీకు కావలసింది ఇంకేటైనా ఉంటే ఇప్పుడే సెప్పు. మనవడికి అమ్మోరు పోసినప్పుడు ఇసరడానికి దొంగతనంగా తెచ్చిన వేపమండలు ఆ పిప్పి కుప్ప కింద దాసినాను. నాకింత తెగువున్నాదని నాకే తెల్దు."

"లేహ్యం నువ్వు తినవా అమ్మా?"

"ఛీ. పొద్దల్లా బెల్లం పొగ పీల్సేదాన్ని, తీపంటేనే తిప్పుతాది నాకు. ఆ పెసాదం తిన్నోళ్లకి బుర్ర నిలవదు బాబూ. మొన్న మంత్రిగారు ఇంటి తోవ మర్సిపోయి ఈ పొయ్యి కాడే తెల్లారేదాకా కూకున్నారు."

ఇంతలో బాకాలు మోగాయి. శిక్ష రాజు కళ్లారా చూడాలని ఆ రోజు కొలువు పెనం ఎదుటి మండపంలోనే తీర్చారు. పట్టుపందిరి కింద రత్నకంబళి, కంబళి మీద ఏనుగుదంతం ఆసనం, ఆసనం మీద ఇక్షుకేతుడు. పుష్యరాగపు కిరీటం, ముత్యాల మొలనూలు, మోచేతి దాకా కంకణాలు. అన్ని నగల మధ్య మనిషి మాత్రం నీరసంగా, నాలుకతో పెదవులు తడుపుకుంటూ, వెలుతురుకు కళ్లు చికిలించి కూర్చున్నాడు. మధుసిద్ధుడు పైనుంచి దిగాడు. కోట్ల తేనెటీగలు ఒకదాన్నొకటి పట్టుకుని పల్లకీగా అల్లుకోగా, బంగారు పొగమంచు కదిలి వచ్చినట్టు ఆ పల్లకీ గుంయిమంటూ నేలకు వాలింది. అతని గడ్డం తేనెరంగు, ఉత్తరీయం తేనెరంగు, నవ్వు కూడా తేనెరంగే. చేతిలో మూతపెట్టిన స్ఫటిక పాత్ర ఉంది.

లేహ్యానికి ముందు తాంబూలం ఆ కొలువు ఆచారం. ఆకులు తెచ్చినవాడే చిలకలు చుట్టాలి, చుట్టినవాడే రాజు చూపించిన చిలక ముందు నమలాలి. శరభుడు పళ్లెం నిండా చిలకలు చుట్టాడు. ఒక్కోదాని పొట్టలో పొడపత్రి ఆకులు నలిపి పెట్టాడు. రాజు ఒక చిలకకేసి వేలు చూపించాడు. శరభుడు నమిలాడు. రాజు కూడా ఒకటి తీసుకుని బుగ్గన పెట్టుకున్నాడు.

"ఆగు," అన్నాడు మధుసిద్ధుడు. "ఈ తమలపాకులవాణ్ణి నేనెన్నడూ చూడలేదే."

"తూర్పుతోటల వాణ్ణి స్వామీ. మా మామకు నడుం పట్టింది. బదులు నేనొచ్చాను."

"రావడానికేం. నాలుక పరీక్ష అయిందా?"

ఇదొకటి శరభుడికి తెలియదు. రాజుకు తినేది అందించేవాడు తన నాలుక చేదుతో చెడిపోలేదని రుజువు చేసుకోవాలట. మధుసిద్ధుడు చప్పట్లు చరిచాడు. సేవకులు రెండు వెండి గిన్నెలు తెచ్చారు. రెండింటిలోనూ తేటనీళ్లే. ఒక దాంట్లో పంచదార కరిగించారు, ఒక దాంట్లో లేదు.

"తీపి ఏదో చెప్పు. చెడిన నాలుకను పెనంలోకే పంపుతాం. గడ్డకట్టేదాకా ఆగక్కర్లేదు, అది మనిషి కాదు గదా, ఒట్టి నాలుకే," అన్నాడు. కొలువంతా నవ్వింది.

శరభుడు కుడిగిన్నె తాగాడు, నీళ్లు. ఎడమగిన్నె తాగాడు, అవీ నీళ్లే. పొడపత్రి తన పని శ్రద్ధగా చేస్తోంది, ఎవరి నోరని చూడడం లేదు. తలారి కత్తి పక్కన పెట్టి పట్కారు అందుకున్నాడు. శరభుడు ఆలోచిస్తున్నట్టు గిన్నెలు రెండూ కింద పెట్టి, అంచులు తుడుస్తున్నట్టు ఎడంగా జరిపాడు. మధుసిద్ధుడి పల్లకీ నుంచి ఒక తేనెటీగ విడివడింది. కుడిగిన్నె మీద ఒక చుట్టు తిరిగింది, నచ్చలేదు. ఎడమగిన్నె అంచున వాలి మూతి ముంచింది. దాని వెనక ఇంకోటి వచ్చింది.

"ఎడమది స్వామీ. కాస్త పలుచనైనా కమ్మగా ఉంది."

మధుసిద్ధుడు తలూపాడు. తన వాహనమే తన పరీక్షను పాడుచేసిందని అతను గమనించలేదు. గర్విష్ఠులు వాహనాలకేసి చూడరు.

రాజు తాంబూలం ఉమ్మి నోరు పుక్కిలించాడు. మధుసిద్ధుడు స్ఫటిక పాత్ర మూత తీసి, బంగారు చెంచాతో లేహ్యం నోటికందించాడు. ఇప్పుడు రాజు ఉమ్మేస్తాడు, విషమని అరుస్తాడు, కావలివాళ్లు మాంత్రికుణ్ణి పట్టుకుంటారు, గురువు ఉట్టి దిగుతాడు. తోవ పొడుగునా శరభుడు ఇదంతా లెక్కగట్టుకునే వచ్చాడు.

రాజు ఉమ్మలేదు. నోట్లోనే ఉంచుకుని కనుబొమలు పైకెత్తాడు. మొహం ముడతలు పడింది. మళ్లీ చప్పరించాడు.

"ఇదేమిటి?" అన్నాడు నెమ్మదిగా. "ఇది కొత్తగా ఉంది. రోజూ తినేది కాదు. నాలుక వెనక పట్టుకుని వదలడం లేదు. నా జన్మలో ఇలాంటి రుచి తినలేదు. మంత్రీ, దీన్నేమంటారు?"

మంత్రికి తెలియదు. సేనాపతికి తెలియదు. ఆస్థాన పండితుడు షడ్రుచుల పేర్లూ గడగడా అప్పజెప్పాడు గాని ఇది వాటిలో ఏదో చెప్పలేకపోయాడు. మూడు తరాలుగా చేదు మొహం చూడని కొలువు అది. దొంగను ఎన్నడూ చూడని ఊళ్లో దొంగ వస్తే చుట్టమనుకుని మంచం వేస్తారు. ఈ సంగతి ఔషధగిరి మీద గురువుకూ తట్టలేదు, శిష్యుడికీ తట్టలేదు. వాళ్లు పొద్దున లేస్తే వేపపుల్ల నమిలేవాళ్లు. చేదు తెలియని నోరు ఒకటుంటుందని వాళ్లకు ఊహ కూడా రాదు.

"బ్రహ్మాండంగా ఉంది," అని తేల్చాడు రాజు. "తీపి తిని తిని విసుగెత్తిపోయాను. ఇలా తే." మధుసిద్ధుడు వద్దనేలోపలే స్ఫటిక పాత్ర లాక్కున్నాడు. చెంచా పారేసి వేళ్లతో తుడుచుకుని తుడుచుకుని మొత్తం తినేశాడు.

పూటకో చెంచా చొప్పున చాలా రోజులకు సరిపడే ఉమ్మెత్త ఒక్కసారిగా రాజు కడుపులో పడింది. గురువును బతికించడానికి వచ్చి రాజును చంపేశానని అతనికి అర్థమైంది.

కాసేపటికే రాజు మొహం కందగడ్డలా ఎర్రబడింది. గాలిలో కనిపించని దారాలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. స్తంభాన్ని చూసి నాన్నగారూ అని పిలిచి నమస్కరించాడు. నిలబడబోయి కంబళి మీద కూలిపోయాడు. కిరీటం దొర్లుకుంటూ పోయి పొయ్యి దగ్గర ఆగింది.

మధుసిద్ధుడు ఒక్క క్షణం తెల్లబోయాడు. ఆ తర్వాత తేనె గొంతు మళ్లీ తెచ్చుకున్నాడు. "తాంబూలంలో విషం పెట్టారు. వాడు ఆ ఉట్టిలోని ముసలివాడి శిష్యుడై ఉంటాడు. వాణ్ణి పట్టుకోండి. ముసలివాణ్ణి పెనంలోకి దించండి."

భటులు కత్తులు దూశారు. శరభుడు రాజుకూ పెనానికీ మధ్య నిలబడిపోయాడు. గురువు ఉన్నది ఒకవైపు, రోగి ఉన్నది ఒకవైపు. పైనుంచి శివరుద్రయ్య గొంతు వినిపించింది. కొండ మీద పాఠం చెప్పేటప్పటి గొంతే.

"నాకేసి ఏం చూస్తావు శరభా? నాకు రోగమేముంది? ముందు ఆయన్ని కక్కించు. మంగకాయ పొడి ఉప్పునీళ్లలో కలిపి పట్టించు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టు, పొర పోగలదు."

శరభుడు దూకాడు. అడ్డొచ్చిన భటుడి మొహాన తాంబూలపు పళ్లెం విసిరాడు, రెండోవాణ్ణి పందిరి గుంజకేసి తోశాడు. పానకపు కుండ దొర్లించి, తడిసిన మెట్ల మీద జారిపడుతున్న మిగతావాళ్లను వాళ్ల మానాన వదిలేశాడు. మంత్రి చేతిలోని నీళ్లచెంబు లాక్కున్నాడు. వంటశాల వాకిట ఉన్న ఉప్పుకుండలోంచి గుప్పెడు తీసి అందులో పడేశాడు. వైద్యుడి అలవాటు కొద్దీ ఎప్పుడూ మొలలో ఉంచుకునే మంగకాయ పొడి పొట్లం విప్పి పోసి, రాజును ఒళ్లోకి లాక్కుని నోరు తెరిచి పట్టించసాగాడు.

అటు తలారి ఉట్టి తాడు ముడి మీద చెయ్యి వేసి, నూకాలుకేసి చూశాడు. "పాకం అయినాదేటి?"

నూకాలు తాపీగా పళ్లెంలో గరిటెడు పాకం పోసి, విసనకర్రతో విసిరి, వేలు పెట్టి ఎత్తింది. వేలి వెంట మూరెడు తీగ సాగింది.

"నేదు. కట్టనేదు."

"తాడు వదలరా," అని అరిచాడు మధుసిద్ధుడు.

తలారి చిన్నబుచ్చుకున్నాడు. "అదెలగ స్వామీ? గడ్డ ఇరగాల గదా. సట్టం పెద్దరాజుగారిది. మా తాత కూడా ఇరక్కుండా వదల్నేదు."

మాంత్రికుడు చేతులు పైకెత్తి మంత్రం చదివాడు. పల్లకీ చెదిరి తేనెటీగలన్నీ ఒక నల్లని మేఘమై లేచాయి. పెరట్లో పగలు చీకటిపడింది. ఆ మేఘం గుంయిమంటూ శరభుడి మీదికి వాలబోయింది. రాజు తల ఒళ్లో ఉంది, అతను కదలడానికి లేదు. కళ్లు మూసుకుని రాజు మొహం మీద తన పంచె కొంగు కప్పాడు.

నూకాలు పిప్పి కుప్ప తన్నింది. దాచిన వేపమండలు రెండు చేతులా లాగి పొయ్యిలో పడేసి, పైన తడి పిప్పి కుమ్మరించింది. కళ్లు మండించే పొగ మందంగా లేచి పెరడంతా కమ్ముకుంది. మూడు తరాల తర్వాత ఇక్షుపురం కోటలో వేపపొగ అది. ఈగలు గింగిరాలు తిరిగాయి, గోడలకు కొట్టుకున్నాయి, దారి దొరికినవి దొరికినట్టు పైకి పారిపోయాయి. వాటిని పట్టుకోబోయి మధుసిద్ధుడు చేతికి దొరికిన చిన్న గుంపునే పట్టుకుని వేలాడాడు. ఉత్తరీయం జారిపోతుంటే, గడ్డం పొగచూరి, ఒక వైపు ఒరిగిపోతూ గోడ దాటి ఉత్తరానికి ఎగిరిపోయాడు.

ఆ పొగలో రాజు భళ్లున కక్కుకున్నాడు. శరభుడు మళ్లీ పట్టించాడు, మళ్లీ కక్కాడు. నల్లని జిగటంతా పోయి తేటనీళ్లు వచ్చేదాకా వదల్లేదు. సేనాపతి కత్తి దించి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎవరేం చెప్పకముందే తలారి ఉట్టిని పక్కకు లాగి శివరుద్రయ్యను దింపాడు. పాకం కుదరనప్పుడు మనిషిని ఎండలో వేలాడదీయమని కూడా చట్టంలో లేదట. ముసలి వైద్యుడు వచ్చి రాజు నాడి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"నాడి ఆడుతోంది," అన్నాడు చివరికి. "కళ్లు కొన్నాళ్లు మసకగా ఉంటాయి. మనిషి దక్కాడు."

శరభుడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆ పూట అతనికి ఏడుపు రావడం అదే మొదలు. గురువు వీపు మీద చెయ్యి వేశాడు.

పొద్దు వాలుతుండగా ఇక్షుకేతుడు కళ్లు తెరిచాడు.

"ఆ రుచి ఇంకా గొంతులోనే ఉంది," అన్నాడు. "దానికి పేరుందా?"

"చేదు మహారాజా."

రాజు ఆ మాటను నోట్లో ఒకటి రెండుసార్లు తిప్పుకున్నాడు. తన తాత పోయాక నిషేధించినది ఇదేనా అన్నట్టు చూశాడు. తర్వాత ఆ చూపు మండపమంతా వెతికింది. ఎన్నో ఏళ్లుగా పొగమంచు కప్పిన బుర్రలో ఏదో తొలగుతోంది.

"కువలయ ఏదీ?" అన్నాడు. "నేను పడిపోతే నా కూతురు రాలేదేం? పిలవండి."

మంత్రి సేనాపతికేసి చూశాడు. సేనాపతి పండితుడికేసి చూశాడు. అందరూ రోజూ ప్రసాదం తిన్నవాళ్లే. కువలయ అనే పేరు విన్నట్టు ఒక్కరికీ గుర్తు లేదు. రాజుకు కూతురుందని కూడా గుర్తు లేదు.

"ఉండేది బాబూ," అంది నూకాలు పొయ్యి దగ్గర్నుంచి. "ఇంతెత్తు గుంట. ఈ పెనం కాడికొచ్చి మీగడపాకం అడిగి తినేది. ఆ తేనెటీగలోడొచ్చిన ఏడే ఉత్తరాన జుంటికొండకి తీసుకుపోయినాడు. ఆ గుంట ఏడుస్తా ఏడుస్తా నీకేసే సూసింది. నువ్వు లేహ్యం నాకుతా కూకున్నావు. నాలాటిది నోరిప్పితే ఈ పెనమే గతి. తండ్రి గదా, ఏదో ఓ రోజు అడుగుతావని సూసినాను. ఇయ్యాల అడిగినావు."

అందరి చూపులూ ఉత్తరానికి తిరిగాయి. చెరకు తోటల మీదుగా, చెదిరిన తేనెటీగలు మళ్లీ గుంపుకట్టి ఒక నల్లని చారగా జుంటికొండకేసి సాగిపోతున్నాయి. కోట పోయిందని తెలిసిన మాంత్రికుడికి ఇక మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

శరభుడు గంప అడుగున మిగిలిన పొడపత్రి ఆకులు మొలలో దోపుకుని, సేనాపతి గుర్రం కళ్లెం అడగకుండానే అందుకున్నాడు. నూకాలు పొయ్యి మీదే శివరుద్రయ్య, ఆవిడ మనవడి కోసం దాచిన నేలవేము చిన్నచట్టిలో కాచి రాజు నోటి దగ్గర పెట్టాడు.

"మిగిలిన మత్తు దిగాలి మహారాజా. ఇది కూడా చేదే. గుక్కగుక్కకూ ఆగుతూ తాగండి."

ఇక్షుకేతుడు చట్టి రెండు చేతులా పట్టుకుని ఎక్కడా ఆగకుండా అడుగుదాకా తాగేశాడు. కన్నీళ్లు గడ్డం మీదుగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆవిడ చెప్పిన మాటంత లేదు ఇది," అన్నాడు.

అప్పటికే శరభుడి గుర్రం ఉత్తర ద్వారం దాటింది.